దొరికితే దొంగ... దొరక్కముందే దొంగ!

మా అమ్మమ్మ వాళ్లది గిద్దలూరు దగ్గర ఓ పల్లె. ఆరో తరగతి ఎండాకాలం సెలవులకి నేను అక్కడున్నప్పుడు, ఊళ్లో ఒకరింట్లో రెండు ఇత్తడి బిందెలు, ఓ గంగాళం పోయాయి. తెల్లారేసరికి అరుగుల మీద ఒకటే మాట. "ఎరుకలోళ్లు దిగినారు గదా, ఇంకెవురు తీస్తారు?"

ఊరి బయట చింతచెట్టు కింద ఓ ఎరుకల కుటుంబం దిగి ఉండేది. ఏటా వచ్చేవాళ్లే. గంపలు, చాటలు, కోళ్ల గూళ్లు అల్లి ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లు. డబ్బులకంటే సజ్జలు, జొన్నలు తీసుకోవడమే ఎక్కువ. మా అమ్మమ్మ చాటలన్నీ వాళ్లు అల్లినవే.

ఆ సాయంత్రం బండి మీద ఇద్దరు పోలీసులొచ్చారు. బిందెలు పోయిన ఇంట్లో కాఫీ తాగారు. ఊళ్లో ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా చింతచెట్టు దగ్గరికి పోయి ఆ మనిషిని ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆరో రోజు అతను తిరిగొచ్చాడు. కేసు లేదు, కాగితం లేదు. బిందెలూ దొరకలేదు.

తర్వాత రోజు అతని భార్య మా ఇంటికి గంప తెచ్చింది. అమ్మమ్మ అడిగింది, "ఏమ్మే, వచ్చినాడా మీ ఆయన?" అని.

"వచ్చినాడమ్మా. నడవలేకుండా ఉండాడు."

"మరి తీయనోడిని ఎందుకు పట్టకపోయినారంట?"

ఆమె గంప కింద పెట్టి ఒక మాట అంది. "దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు గదమ్మా. మేం కొత్తగా దొరికేదేముంది? ఎప్పుడూ దొరికే ఉంటాం."

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. అమ్మమ్మ రెండు గిద్దెలు ఎక్కువ కొలిచింది, అంతే. బిందెలు ఎవరు తీశారో ఊరికి ఈ రోజుకీ తెలీదు. కానీ ఆ ఏడాది తర్వాత ఆ కుటుంబం మళ్లీ మా ఊరికి రాలేదు. "చూసినావా, తప్పు చేసినారు కాబట్టే రాలేదు" అని ఊరు తీర్పు కూడా ఇచ్చేసింది.

ఈ వారం రాయాలని కూర్చున్నది జైళ్ల లెక్కల గురించి. లెక్కలు చూస్తుంటే ఆ గంప, ఆ మాట గుర్తొచ్చాయి.

లెక్క ఏం చెబుతోంది?

ముందు దూరం నుంచి మొదలుపెడదాం. ఆస్ట్రేలియాలో అబోరిజినల్, టోరస్ జలసంధి దీవుల ప్రజలు అక్కడి మూలవాసులు. దేశ జనాభాలో వందకి నలుగురు కూడా ఉండరు. కానీ జైళ్లలో ఉన్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు వాళ్లే. కస్టడీలో జరిగిన 99 మరణాల మీద అక్కడ 1987లో రాయల్ కమిషన్ వేశారు. 1991లో అది 339 సిఫార్సులు చేసింది. జైలే ఆఖరి మార్గం కావాలన్నది అందులో ముఖ్యమైనది. ముప్పై ఏళ్లు దాటినా జైళ్లలో వాళ్ల వాటా తగ్గకపోగా పెరిగింది.

"అది వాళ్ల గొడవ, మనకేంటి?" అనిపిస్తుంది. మన లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ తెగలు 8.6 శాతం. 2019 జైళ్ల గణాంకాల ప్రకారం శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్లలో వాళ్లు 13.6 శాతం, విచారణ ఖైదీల్లో 10.5 శాతం. దళితులు జనాభాలో 16.6 శాతమైతే, శిక్ష పడ్డవాళ్లలో 21.7 శాతం.

ఆస్ట్రేలియా అంత ఘోరంగా లేదు కదా అంటారేమో. నిజమే. కానీ ఇది సగటు. జాతీయ నేర గణాంకాల విభాగం ఖైదీలను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అని నాలుగు గడుల్లో లెక్కేస్తుంది. ఒకప్పుడు ప్రభుత్వమే 'నేరస్థ జాతులు' అని ముద్ర వేసి, తర్వాత ఆ ముద్ర తీసేసిన సమూహాలున్నాయి. వాళ్లనే విముక్త జాతులు అంటాం. వాళ్లకి ఆ పట్టికలో వేరే గడి లేదు. మన రాష్ట్రంలో ఎరుకలు, యానాదులు, సుగాలీలు ఎస్టీల్లో ఉంటే, దొమ్మరులు బీసీల్లో ఉన్నారు. అందర్నీ పెద్ద గుంపుల్లో కలిపేస్తే, అనుమానం ఎవరి మీద ఎక్కువ పడుతోందో కనిపించదు. పోలీసు వాళ్లను విడిగా గుర్తుపడతాడు, పట్టిక గుర్తుపట్టదు!

ముద్ర ఎప్పుడు పడింది?

స్టూవర్టుపురం అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? మీ నాన్న తరానికైతే చిరంజీవి సినిమా, మీకైతే రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు'. దొంగల ఊరు! కానీ ఆ ఊరు దొంగలు కట్టుకున్నది కాదు. 1913లో బాపట్ల దగ్గర ప్రభుత్వం దన్నుతో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరే ఊరి పేరయింది. ఇలాంటివి ఇంకా ఉండేవి. సీతానగరం, కావలి, బిట్రగుంట, నల్లమలకి అవతలి పక్క ఆత్మకూరు వైపు సిద్ధాపురం.

వీటికి మూలం 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. ఉత్తరాదిలో మొదలై, 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అప్పుడు మార్కాపురం, కంభం, గిద్దలూరు అన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి.

ఆ చట్టం ఏం చేసిందో నాలుగు ముక్కల్లో చెప్తాను. ఒక జాతిని మొత్తంగా నేరస్థ జాతి అని గెజిట్‌లో ప్రకటించొచ్చు. అది తప్పని కోర్టుకి పోవడానికి లేదు. ఆ జాతిలో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుంటారు. గ్రామాధికారికో పోలీసులకో హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి పోవాలంటే చీటీ కావాలి.

జైలు సంగతి ఇంకా దారుణం. 1924లో మళ్లీ రాసిన చట్టం ప్రకారం, ఆ జాతివాడికి కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకి తగ్గకుండా జైలు. మూడోసారికి ప్రవాస శిక్ష, అదీ జీవితాంతం. అదే దొంగతనం వేరే కులంవాడు చేస్తే మామూలు శిక్ష. అంటే ఒకే నేరానికి పుట్టుకను బట్టి శిక్ష. ఇక జైళ్లలో ఎవరు ఎక్కువ కనిపిస్తారు? మీరే చెప్పండి.

ఇంతకీ వీళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి మెట్ట ప్రాంతాలకి మోసేవాళ్లు. ఎరుకలు, సుగాలీలు లేకపోతే చాలా ఊళ్లకి ఉప్పే అందేది కాదు. ఆ తర్వాత ఉప్పు మీద ప్రభుత్వ పట్టు బిగిసింది. 1876-78 మధ్య మహా కరువొచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అంటారు. కర్నూలు జిల్లా దానికి బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1880ల్లో నల్లమలను చీల్చుకుని గిద్దలూరు, నంద్యాల మధ్య రైలు మార్గం వేశారు. ఎద్దులు మోసే సరుకు రైలెక్కింది. వీళ్ల సంగతి చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. పని పోయిన మనిషి దారుల వెంట తిరుగుతుంటే, ఆ తిరుగుడునే ప్రభుత్వం నేరంగా చూసింది.

నిన్నటిదాకా ఉప్పు తెచ్చినవాడు, ఇవాళ ఊరి బయట కనిపిస్తే దొంగ!

అడవే కేసయిన కథ

చెంచుల కథ వేరే దారిలో నడిచి ఇదే చోటికి వచ్చింది. దోర్నాల, యర్రగొండపాలెం దాటి నల్లమలలోకి వెళ్తే చెంచు గూడేలుంటాయి. తేనె, గడ్డలు, చింతపండు, కుంకుళ్లు, జిగురు... అడవి ఇచ్చేదే వాళ్ల బతుకు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేశారు. అప్పటిదాకా తాతల నాటి నుంచి చేస్తున్న పనులకి కొత్త పేరు పడింది. అదే అటవీ నేరం. తర్వాత 1972 వన్యప్రాణి చట్టం, 1983లో పులుల అభయారణ్యం ప్రకటన వచ్చాయి. పులిని కాపాడాలి, అందులో రెండో మాట లేదు. కానీ అభయారణ్యంలో పుట్టినవాడు అక్కడ నడిచినా అనుమతి అడగాల్సి వస్తే, వాడి రోజువారీ బతుకే కేసుకి దగ్గరగా జరుగుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఈ అన్యాయాన్ని ఒప్పుకుంది. 'చారిత్రక అన్యాయం' అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. సేకరించుకునే హక్కు, సాగు చేసుకునే హక్కు రాసింది. ఆ హక్కు పత్రం చేతిలో ఉన్న చెంచు తేనె తెచ్చుకుంటే హక్కుదారు. లేని చెంచు అదే తేనె తెస్తే జవాబు చెప్పుకోవాల్సినవాడు. మనిషి అదే, తేనె అదే, మారింది కాగితం ఒక్కటే.

ఇదే అడవి వరసలో ఇంకొంచెం దక్షిణానికి పోతే శేషాచలం. 2015 ఏప్రిల్ 7న అక్కడ ఎర్రచందనం కూలీలని 20 మందిని కాల్చి చంపారు. వాళ్లు తమిళనాడువాళ్లు. అందులో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. దుంగలు నరికే కూలీ అడవిలో దొరుకుతాడు. దుంగలు కొనే దొర ఓడరేవుల అవతల ఉంటాడు. చూశారా, సామెత ఎంత నిజమో.

ముద్ర చెరిగిందా?

చట్టం పోయింది. నెల్లూరు ప్రాంతంలో యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ల పోరాటం ఫలించి, మద్రాసు ప్రభుత్వం 1947లోనే దాన్ని రద్దు చేసింది. దేశమంతటికీ ఏం చేయాలో చెప్పడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడూ మన తెలుగు నేల మనిషే. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. మనం జరుపుకునే స్వాతంత్ర్యం వాళ్లకి ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

కానీ ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టారు. మద్రాసులో 1948లోనే 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కి 1962లో అలాంటిదే ఇంకోటి. చట్టంలో జాతి పేరు లేదు. మరి స్టేషన్లో ఉన్న రిజిస్టర్లు, వాటిల్లో ఉన్న పేర్లు ఎక్కడికి పోతాయి?

మార్కాపురం పలకల గురించి మీకు తెలుసు. మీ తాతలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. స్టేషన్ రికార్డులో ఎక్కిన పేరు అలా పోదు. మనం సరదాగా 'వీడు పెద్ద కేడీ రా' అంటాం కదా, ఆ కేడీ కూడా పోలీసు రిజిస్టర్ నుంచి వచ్చిన మాటే. తెలిసిన దోపిడీదారు అనే అర్థంలో ఇంగ్లీషులో రాసుకున్న రెండు పొడి అక్షరాలు.

'బైండోవర్' అన్న మాట పేపర్లో చూసే ఉంటారు. ఎన్నికలప్పుడు, జాతరలప్పుడు కొందర్ని తహసీల్దారు ముందు బైండోవర్ చేశారని రాస్తారు. పాత నేర విచారణ స్మృతిలో 110వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 129. ఫలానావాడు అలవాటుగా దొంగతనాలు చేస్తాడని సమాచారం ఉంటే, మంచిగా ఉంటానని మూడేళ్ల దాకా బాండు, జామీను రాయించుకోవచ్చు. జామీను ఇవ్వలేకపోతే? జైలే. గమనించండి, ఇక్కడ కొత్తగా నేరం జరిగినట్టు రుజువు చేయాల్సిన పని లేదు.

ఈ పాత బూజుని సుప్రీంకోర్టు ఇటీవల రెండుసార్లు కదిలించింది. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో, హిస్టరీ షీట్లలో వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీల పేర్లు యాంత్రికంగా ఎక్కిస్తున్నారేమో చూసుకోమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 3న, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో ఇంకా గట్టిగా మాట్లాడింది. పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో ఒకటుంది. సంచార జాతులవాళ్లకి తప్పించుకుపోయే గుణం పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి వాళ్లని రాత్రి కాపలా పనికి పెట్టకూడదట! ఇది బ్రిటిష్‌వాళ్ల కాలం నాటి ముచ్చట కాదు, 2024 దాకా పుస్తకంలో ఉన్న నిబంధన. ఇలాంటివన్నీ రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతులవాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకి చెప్పింది.

చట్టం రద్దయిన 72 ఏళ్లకి!

పాసుపుస్తకం లేనివాడి జామీను

సరే, అనుమానంతో పట్టుకెళ్లారు. తప్పు చేయకపోతే బయటికి వస్తాడు కదా అంటారా? ఎప్పుడు అన్నదే ప్రశ్న.

2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. కోర్టు వాళ్లని ఇంకా దోషి అనలేదు. వీళ్లలో కొందరు బయటికి రాలేకపోయేది ఎందుకో తెలుసా? బెయిల్ రాక కాదు, వచ్చినా జామీను దొరక్క.

మన ఊళ్లలో జామీను అంటే ఏంటి? ఇద్దరు మనుషులు కావాలి. వాళ్లకి పొలమో ఇల్లో ఉండాలి. పాసుపుస్తకమో, ఇంటి పన్ను రశీదో చూపాలి. పనులు మానుకుని మార్కాపురం కోర్టుకి వచ్చి రోజంతా కూర్చోవాలి. పొలం ఉన్న రైతు కొడుక్కి బంధువుల్లోనే పదిమంది దొరుకుతారు. చింతచెట్టు కింద గుడారం వేసుకున్నవాడి బంధువు ఇంకో చింతచెట్టు కింద ఉంటాడు. పాలుట్ల లాంటి అడవిలోపలి గూడెం నుంచి వచ్చిన చెంచుకి కోర్టు ఊళ్లో తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు.

ఈ సమస్య కొత్తదీ కాదు, కోర్టులకి తెలియనిదీ కాదు. 1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. పదివేల జామీను అడిగారు, పైగా వేరే జిల్లా మనిషి జామీను చెల్లదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్‌కి కోపం వచ్చింది. ఒక తెలుగువాడినో, మలయాళీనో ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుకుంటే అక్కడ జామీను ఎవరిని తెస్తాడని నిలదీశారు. పేదవాడికి సొంత పూచీకత్తు మీద కూడా బెయిల్ ఇవ్వొచ్చన్నారు. 2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము జడ్జీల ముందే ఇదే బాధ చెప్పారు. జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి ఏదైనా చేయమన్నారు. ఆమె కూడా ఓ గిరిజన పల్లె నుంచి వచ్చిన మనిషే.

ఆ తర్వాత కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి న్యాయసేవా సంస్థకి చెప్పాలి. నెల దాటితే కోర్టే షరతు తగ్గించే సంగతి చూడాలి. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకి సాయం పథకం పెట్టింది. విచారణ ఖైదీ జామీనుకి 40 వేల దాకా, శిక్షపడి జరిమానా కట్టలేనివాడికి 25 వేల దాకా సాయం చేస్తామని అప్పట్లో చెప్పింది.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త స్మృతిలో 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపితే బాండు మీద వదలాలి. ఉరి, జీవిత ఖైదు పడే నేరాలకి ఇది లేదు. వినడానికి బాగుంది. కానీ కింద ఇంకో ముక్క ఉంది. ఒకటికంటే ఎక్కువ కేసులు నడుస్తుంటే ఇది వర్తించదు. ఎక్కడ దొంగతనం జరిగినా పేరు పడేది ఎవరికి? ఒక్కడి మీదే నాలుగైదు కేసులు ఎవరికి ఉంటాయి? అనుమానం ముందు పుట్టిన మనిషికి ఈ తలుపు కూడా సగమే తెరుచుకుంటుంది.

"అయితే వాళ్లలో దొంగలే లేరా?"

ఈ మాట మీరు అడుగుతారని తెలుసు. ఉన్నారు. అన్ని కులాల్లో ఉన్నట్టే ఉన్నారు. స్టూవర్టుపురం నుంచి దొంగలు వచ్చారు, అదే స్టూవర్టుపురం నుంచి చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లూ వచ్చారు. సినిమా మొదటివాళ్ల మీదే తీస్తారు.

దొంగని పట్టుకోవద్దని ఎవరూ అనట్లేదు. దొంగతనం చేసినవాడిని పట్టుకోండి, చేసినట్టు రుజువు చేయండి, శిక్ష వేయండి. నా గొడవల్లా వెతికే వరస గురించి. ఎప్పుడూ ఒకే గుమ్మం దగ్గర వెతకడం మొదలుపెడితే, దొరికేది కూడా ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గరే దొరుకుతుంది. అప్పుడు లెక్క పెరుగుతుంది. లెక్క చూపించి 'చూశారా, వాళ్లే ఎక్కువ' అంటాం. ఆ మాటతో మళ్లీ అదే గుమ్మం తడతాం. గానుగెద్దులా అక్కడే తిరుగుడు. ఆస్ట్రేలియాలో జరిగినా, అమ్మమ్మ ఊళ్లో జరిగినా తంతు ఇదే.

నష్టం ఇంకో వైపూ ఉంది. మా ఊళ్లో ఆ బిందెలు తీసినవాడు హాయిగా బతికాడు. వాడి జోలికి ఎవరూ పోలేదు. తప్పుడు అనుమానం ఒక అమాయకుడిని కొట్టడంతో ఆగదు, ఒక దొంగని కాపాడుతుంది కూడా.

'జై భీమ్' చూసి ఏడవనివాళ్లు మనలో ఎంతమంది? అది 1993లో తమిళనాడులో నిజంగా జరిగిన కేసు. నగల దొంగతనం అనుమానం, ఒక పేద కూలీ, స్టేషన్, చావు. ఆ సినిమా మనకి ఓటీటీలో దొరికింది కాబట్టి ఏడ్చాం. మన ఊరి చింతచెట్టు కింద జరిగేది ఏ ఓటీటీలోనూ రాదు.

ఇప్పుడు రిజిస్టర్ మన జేబులో ఉంది

ఇదంతా పోలీసుల సంగతి, కోర్టుల సంగతి, నేనేం చేస్తానంటారా? ఒక్కసారి మీ వాట్సాప్ తెరవండి.

2018 మే నెల గుర్తుందా? తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ ఒకటే మెసేజీలు. 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, రాత్రిళ్లు జాగ్రత్త.' ఊళ్లకి ఊళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. కొత్తగా కనిపించిన బిచ్చగాళ్లని, మతి స్థిమితం లేనివాళ్లని, దారి తప్పినవాళ్లని కొట్టారు. తెలంగాణలో ప్రాణాలు కూడా పోయాయి. అంతా పుకారేనని పోలీసులే మొత్తుకున్నారు. పార్థీ అంటే గ్యాంగ్ పేరు కాదు. అదొక జాతి పేరు. వాళ్లూ బ్రిటిష్‌వాళ్లు ముద్ర వేసిన జాతే. 1871లో ఆ ముద్ర వేయడానికి గవర్నమెంటు, గెజిట్టు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్క ఫార్వర్డ్ చాలు. అందులో నాదీ ఒకటి ఉండి ఉంటుంది. ఆ నెల మా బంధువుల గ్రూపులో వచ్చిన మెసేజీని నేనూ ఇంకో గ్రూపుకి పంపాను. 'ఎందుకైనా మంచిది' అనుకున్నాను. ఎవరికి మంచిది?

కాబట్టి ఈసారి 'ఫలానా జాతివాళ్లు దిగారు' అని మెసేజీ వస్తే అక్కడే ఆపండి. ఊళ్లో కొత్తవాళ్లు కనిపిస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.

ఇంకో పని కూడా చేయొచ్చు. ఫోన్‌లో 15100 అన్న నంబరు సేవ్ చేసుకోండి. అది న్యాయసేవా సంస్థల హెల్ప్‌లైన్. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇవ్వాలి. మీ ఊరి తాండా, గూడెం, కాలనీలో ఎవర్నైనా స్టేషన్‌కి తీసుకుపోయారని తెలిస్తే ఆ నంబరు వాళ్లకి చెప్పండి, లేదా మీరే చేయండి. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఈ రెండు ముక్కలు రాజ్యాంగంలోనే ఉన్నాయి. మా ఊరి చింతచెట్టు మనిషిని ఆరు రోజులు ఉంచినప్పుడు, ఈ రెండు ముక్కలు తెలిసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. తెలిసినా అడిగేవాడా అంటే, అదీ చెప్పలేను.

మొన్న పండక్కి ఊరెళ్తే అటక మీద అమ్మమ్మ చాట ఒకటి కనబడింది. అంచులు ఊడిపోయాయి గానీ అల్లిక ఇంకా గట్టిగానే ఉంది. అమ్మని అడిగాను, "వాళ్లు మళ్లీ ఎప్పుడైనా వచ్చారా?" అని.

"ఏమో నాయనా. ఇప్పుడు చాటలెవరు కొంటున్నారు? అన్నీ ప్లాస్టిక్కే గదా" అంది.

"చాటల గురించి కాదమ్మా. బిందెల గురించి అతన్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?"

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాట నా చేతిలోంచి తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ అటక మీద పెట్టేసింది.